నాస్‌లో డిస్కులను పడుకోబెట్టడం: ప్రాజెక్టు డైరీ

మార్చి మొదటి వారం

నల్లగొండలో మా ఇంటి నాస్, అంటే ఇంట్లో అందరి ఫైళ్లనూ దాచి నెట్‌వర్క్ మీద అందించే పెట్టె, ఒక పాత డెస్క్‌టాపే. టీవీ స్టాండు కింద పెట్టాం, దాని మీద ఓపెన్ మీడియా వాల్ట్ అనే నాస్ సాఫ్ట్‌వేర్ నడుస్తోంది. సిస్టమ్ కోసం చిన్న ఎస్‌ఎస్‌డీ ఒకటి, సికింద్రాబాద్ సీటీసీలో కొన్న 4 టీబీ నాస్ డ్రైవ్ ఒకటి, యూఎస్‌బీ డాక్‌లో కూర్చున్న పాత 2 టీబీ డ్రైవ్ ఒకటి ఉన్నాయి. పెళ్లి వీడియోలు, చెరువుగట్టు జాతర ఫోటోలు, సినిమాలు, అమ్మ పాటలు అన్నీ 4 టీబీలోనే. 2 టీబీది బ్యాకప్ పని.

ఈ పెద్ద డిస్కును రోజు మొత్తంలో మేం నిజంగా వాడేది సాయంత్రం రెండు మూడు గంటలు. అది మాత్రం రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటుంది. హాల్లో పడుకునే నాయినకు మొదటి నుంచీ దాని మీద కోపమే. "ఏందిరా, గా డబ్బ నడిజాముల కర్రుకర్రుమంటది. దానికి నిద్ర లేదు, నాకు నిద్ర లేదు" అంటాడు.

ఇంకో కారణం బిల్లు. రాష్ట్ర ప్రభుత్వ గృహజ్యోతి పథకంలో నెలకు 200 యూనిట్లు దాటకపోతే జీరో బిల్లు. 201 అయితే ఆ ఒక్క యూనిట్‌కు కాదు, మొత్తానికీ కట్టాలి, వెయ్యి పైచిలుకే. కూలర్ నడిచే నెలల్లో మా మీటరు ఆ గీత చుట్టూనే తిరుగుతుంది. సాకెట్‌కు పెట్టే వాట్ మీటరుతో చూస్తే, రెండు డిస్కులూ తిరుగుతున్నప్పుడు 31 వాట్లు, రెండూ ఆగినప్పుడు 21. రోజుకు 20 గంటలు ఆపగలిగితే నెలకు 6 యూనిట్లు. ఏడాది పొడవునా లెక్కేసుకుంటే ఇంత శ్రమకు తగిన డబ్బు కాదు. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఆ 6 యూనిట్లకు విలువ ఉంది.

మూడోది వేడి. దాని సంగతి మే నెలలో తేలుతుంది.

అదే వారం, ఆదివారం

టైమర్ పెట్టడం పెద్ద పనేం కాదు. ఓపెన్ మీడియా వాల్ట్‌లో డిస్కు సెట్టింగుల్లోనే స్పిన్‌డౌన్ సమయం, అంటే ఎంతసేపు ఖాళీగా ఉంటే మోటారు ఆగాలన్నది, ఉంది. కింద నడిచేది హెచ్‌డీపార్మ్ అనే లినక్స్ ఆదేశమే. దాని లెక్క జర వింతగా ఉంటుంది. మైనస్ పెద్ద ఎస్ ఆప్షన్‌కు 1 నుంచి 240 దాకా ఇస్తే ఒక్కో అంకె 5 సెకన్లు, అంటే 120 ఇస్తే 10 నిమిషాలు, 240 ఇస్తే 20 నిమిషాలు. 241 నుంచి లెక్క మారిపోయి ఒక్కో అంకె అరగంట అవుతుంది. 241 అంటే అరగంట, 242 అంటే గంట. ఈ లెక్క తెలియకుండా 250 పెట్టి, 20 నిమిషాల కంటే ఇంకాస్త ఎక్కువేలే అనుకుంటే డిస్కు 5 గంటల దాకా కదలదు.

దీంతోపాటు ఏపీఎం, అంటే డిస్కు కరెంటు పొదుపు స్థాయి, విలువ కూడా చూసుకోవాలి. 128, అంతకు మించి ఉంటే డిస్కు ఆగడానికి ఒప్పుకోదు. 127, అంతకు తక్కువైతేనే ఆగుతుంది. అలాగని మరీ తక్కువ పెడితే కొన్ని డిస్కులు డేటా చదివే, రాసే హెడ్లను ఊరికూరికే పక్కకు తీసి పార్క్ చేస్తుంటాయి. నేను 127 పెట్టాను, టైమర్ 20 నిమిషాలు.

డిస్కు పడుకుందో లేదో చూడడానికి హెచ్‌డీపార్మ్ మైనస్ పెద్ద సీ ఉంది. అది డిస్కును లేపకుండానే స్థితి చెబుతుంది, తిరుగుతుంటే యాక్టివ్ లేదా ఐడిల్, ఆగి ఉంటే స్టాండ్‌బై. పెట్టిన 20 నిమిషాలకు స్టాండ్‌బై వచ్చింది. చెయ్యి పెట్టి చూస్తే కేసులో ఆ సన్నటి వణుకు లేదు.

అన్నం తిని వచ్చేసరికి మళ్లీ తిరుగుతోంది.

మార్చి, ఉగాది ముందు

అసలు పని ఇక్కడ మొదలైంది. పడుకోబెట్టేది ఒక్క అంకె. లేపేవాళ్లు ఎంతమందో ఎవరికీ తెలియదు.

ముందుగా చిన్న స్క్రిప్టు ఒకటి రాశాను. నిమిషానికోసారి డిస్కు స్థితి అడిగి, మారినప్పుడు మాత్రం టైమ్‌తో ఒక వరుస రాస్తుంది. ఆ లాగ్ ఎస్‌ఎస్‌డీ మీదే ఉండాలి. డిస్కు మీదే పెడితే పడుకుంది అని రాయడానికే దాన్ని లేపాల్సి వస్తుంది.

ఒక రాత్రి లాగ్ తెరిచి చూస్తే గడియారం పెట్టి కొట్టినట్టు అరగంటకోసారి లేస్తోంది. 20 నిమిషాలకు ఆగుతుంది, 10 నిమిషాలు పడుకుంటుంది, మళ్లీ లేస్తుంది. టెంపరేచర్ గ్రాఫ్ కోసం ఎప్పుడో క్రాన్‌లో, అంటే టైము ప్రకారం పనులు నడిపే జాబితాలో, పెట్టిన స్మార్ట్‌సీటీఎల్ ఆదేశం అది. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ పట్టికను చదివే ఆదేశం. స్మార్ట్ వివరాలు అడిగితే చాలా డిస్కులు లేచి కూర్చుని జవాబు చెబుతాయి. మైనస్ ఎన్ స్టాండ్‌బై అని చేర్చితే, పడుకున్న డిస్కును అడగకుండా ఆ ఆదేశం వెనక్కి వచ్చేస్తుంది. ఇదే పట్టికను వెనకాల ఉండి చూస్తుండే స్మార్ట్‌డీ ప్రోగ్రాము కాన్ఫిగ్‌లోనూ ఇదే మాట ఉండాలి, పక్కన కామా పెట్టి క్యూ చేర్చితే అనవసరమైన లాగ్ వరుసలు కూడా తగ్గుతాయి.

దీన్ని ఇలాగే వదిలేస్తే ఏమయ్యేదో ఒకసారి లెక్కేయాలి. అరగంటకోసారి లేస్తే రోజుకు 48, ఏడాదికి 17,520. స్మార్ట్ పట్టికలో 4వ నంబరు స్టార్ట్ స్టాప్ కౌంట్, 193 లోడ్ సైకిల్ కౌంట్. ఈ రెండూ ఒకటి కావు. మొదటిది మోటారు ఆగి మళ్లీ తిరగడం, రెండోది హెడ్లు పక్కకు వెళ్లి రావడం. ఈ కాలం నాస్ డ్రైవ్‌ల డేటాషీట్లలో కనిపించే 6,00,000 అన్న అంకె రెండోదానిది. దాన్ని చూసి మోటారును ఎన్నిసార్లైనా ఆపొచ్చు అనుకోవడం తప్పు. పాత డెస్క్‌టాప్ డ్రైవ్‌లలో స్టార్ట్ స్టాప్ పరిమితి 50,000 అని రాసి ఉన్నవి చాలా ఉన్నాయి. ఆ లెక్కన రోజుకు 48 సార్లంటే మూడేళ్లలో ఖర్చు. అలా పది నిమిషాల కునుకులు తీసే డిస్కు కంటే 24 గంటలూ తిరిగే డిస్కే నయం.

అందుకే డైరీలో రాసే లెక్క మార్చాను. ఇకపై ఎన్ని గంటలు పడుకుందన్నది కాదు, రోజుకు ఎన్నిసార్లు లేచిందన్నదే కొలత.

మార్చి చివర

అరగంట లేపుడు ఆగింది. కానీ రాత్రి 2 గంటలకు ఒకటి మిగిలింది, నాయిన చెప్పే నడిజాము చప్పుడు ఇదే. ఇంకా పగలు ఏ వరుసా లేకుండా కొన్ని.

ఇక్కడ ఫాట్రేస్ పనికొచ్చింది. ఏ ప్రోగ్రాము ఏ ఫైలును ముట్టుకుందో వరుసగా చూపిస్తుంది. మైనస్ టీ పెడితే టైమ్ కూడా వస్తుంది. రాత్రంతా నడిపి పొద్దున లేపిన టైముతో పోల్చి చూస్తే, సరిగ్గా 2 గంటలకు మా సినిమాలను టీవీకి అందించే జెల్లీఫిన్ పేరు, పక్కన చదివినట్టు ఆర్ అక్షరం, దాని పక్కన మా మేనమామ కొడుకు పెళ్లి వీడియో పాత్. జెల్లీఫిన్‌లో వీడియోలకు చాప్టర్ బొమ్మలు తీసే పని రాత్రి 2 గంటలకు షెడ్యూల్ అయి ఉంటుంది. లైబ్రరీ సెట్టింగులో ఆ టిక్ పెట్టి ఉంది. పెళ్లి వీడియోకు చాప్టర్ బొమ్మలు ఎవరికి కావాలి? తీసేశాను. లైబ్రరీ స్కాన్ కూడా రాత్రి 9కి మార్చాను, ఆ టైముకు ఎలాగూ టీవీ నడుస్తుంది.

ఫాట్రేస్‌ను చూసి తొందరపడొద్దు. అది చూపించేది ఫైలును ముట్టుకోవడం, డిస్కును ముట్టుకోవడం కాదు. ర్యామ్‌లో ఉన్న ఫైలును చదివినా వరుస వస్తుంది, డిస్కు మాత్రం కదలదు. లేచిన నిమిషంలో ఉన్న వరుసలే పట్టించుకోవాలి.

ఇందులోనే ఒక చిక్కు ఉంది. ర్యామ్‌లోంచి చదివినా కొన్నిసార్లు డిస్కు లేస్తుంది. ఫైలు చివరిసారి ఎప్పుడు చదివారన్న టైమును లినక్స్ రాసుకుంటుంది. ఇప్పుడున్న రిలాటైమ్ పద్ధతిలో ప్రతిసారీ రాయదు గానీ, పాత టైము ఒక రోజు దాటిందంటే రాస్తుంది. అంటే పొద్దున అమ్మ మొదటి పాట పెట్టగానే, పాట ర్యామ్‌లోనే ఉన్నా, ఆ టైము రాయడానికి 4 టీబీ మోటారు తిరగాలి. మౌంట్ ఆప్షన్లలో నోఏటైమ్ పెడితే ఈ గొడవ తీరుతుంది. ఇంటి నాస్‌లో ఆ చదివిన టైము చూసుకునేవాళ్లు నాకైతే తగల్లేదు.

పగటి లేపుళ్లలో సగం మా చెల్లె లాప్‌టాప్‌వి. నాస్‌ను నెట్‌వర్క్ డ్రైవ్‌గా మ్యాప్ చేసుకుంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచిందంటే చాలు, ఫోల్డర్లో థంబ్‌నెయిల్స్ కోసం విండోస్ తవ్వుతుంది. మ్యాపింగ్ తీసేసి, డెస్క్‌టాప్ మీద షార్ట్‌కట్ పెట్టి ఇచ్చాను. "అన్నా, ఇది డబుల్ క్లిక్ చేస్తే ఇట్లనే కూసుంటుంది" అంది. డిస్కు లేవడానికి పట్టే 8, 10 సెకన్లు అవి. ఓర్చుకో అన్నాను.

ఏప్రిల్ మొదట్లో

లేపేవాళ్లను ఒక్కొక్కరిని పట్టుకుంటూ పోతే ఎప్పటికీ తెగదు. సింక్‌థింగ్‌నే చూడండి. ఫోన్ల నుంచి ఫోటోలు తెచ్చే దానికి గంటకోసారి ఫోల్డర్ మొత్తం తిరగేసే అలవాటు ఉంది. దాన్ని ఆపొచ్చు, రేపు ఇంకోటి వస్తుంది. ఎవరిని లేపనివ్వాలి అని కాకుండా, ఏ డేటా ఏ డిస్కు మీద ఉండాలి అని ఆలోచించాలి.

చెల్లె పాత లాప్‌టాప్‌లోంచి తీసిన 240 జీబీ ఎస్‌ఎస్‌డీ డ్రాయర్‌లో ఉంది. దాన్ని బిగించాను. రోజూ చెయ్యి పడేవన్నీ దాని మీదికి పంపాను: అమ్మ పాటలు, ఫోన్ల నుంచి వచ్చే కొత్త ఫోటోలు, జెల్లీఫిన్ పోస్టర్లు, డేటాబేస్, ఈ ప్రోగ్రాములను నడిపే డాకర్ సామానంతా. 4 టీబీలో మిగిలింది సినిమాలు, పాత వీడియోలు, పాత ఫోటోలు. అంటే ఎవరైనా కూర్చుని చూడాలనుకుంటే తప్ప దాంతో పని లేదు.

ఇక మిగిలిన పనులు. కొత్త ఫోటోలను ఎస్‌ఎస్‌డీ నుంచి 4 టీబీకి పంపడం, అక్కడి నుంచి 2 టీబీకి ఆర్‌సింక్ బ్యాకప్, స్మార్ట్ చిన్న పరీక్ష, ఫైళ్లను పేరుతో వెతకడానికి పీలొకేట్ తయారుచేసే పట్టిక. ఇవన్నీ తలో టైములో నడుస్తుండేవి. నాయిన పక్కనే కూర్చుని ఇదంతా విని "ఊకె లేపుడెందుకురా, లేసినప్పుడే అన్ని పనులు జెప్పు" అన్నాడు. నేను రెండు సాయంత్రాలు గీతలు గీసుకుంటూ చేరుకున్న చోటు అదే. అన్నీ ఒకే స్క్రిప్టులో వరుసగా పెట్టి రాత్రి 9:15కి కట్టేశాను. పీలొకేట్‌కు మాత్రం డేటా డిస్కులను వెతకొద్దని అప్‌డేట్‌డీబీ కాన్ఫిగ్‌లోని ప్రూన్‌పాత్స్ వరుసలో చేర్చాను.

ఏప్రిల్ మధ్యలో

ఇంతవరకు 4 టీబీ సంగతే. యూఎస్‌బీ డాక్‌లోని 2 టీబీది వేరే కథ. డాక్ లోపలున్న బ్రిడ్జ్ చిప్ హెచ్‌డీపార్మ్ ఆదేశాలను డిస్కు దాకా పోనివ్వదు. టైమర్ పెట్టబోతే ఎర్రర్ వరుస వస్తుంది.

దీనికి హెచ్‌డీ ఐడిల్ అనే ప్రోగ్రాము వేసుకున్నాను. ఇది డిస్కు లోపలి టైమర్‌ను నమ్ముకోదు. కెర్నెల్ రాసే డిస్క్‌స్టాట్స్ పట్టికను చూస్తూ, ఫలానా డిస్కుకు ఇన్ని సెకన్లుగా చదవడం, రాయడం ఏమీ జరగలేదంటే ఆగమని ఆదేశం పంపుతుంది. కాన్ఫిగ్‌లో ముందు మైనస్ ఐ 0 అని పెట్టాలి, అంటే పేరు చెప్పని డిస్కులను ముట్టుకోవద్దని. ఆ తర్వాత మైనస్ ఏ తో డిస్కు పేరు, మైనస్ ఐ 1200. డిస్కు పేరు ఎస్‌డీబీ, ఎస్‌డీసీ అని ఇవ్వొద్దు. రీబూట్ అయితే అవి అటూ ఇటూ అవుతాయి. బై ఐడీ ఫోల్డర్లో మోడల్, సీరియల్ నంబరుతో ఉండే పొడుగు పేరే ఇవ్వాలి.

ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి. స్మార్ట్ ఆదేశాలు డిస్క్‌స్టాట్స్‌లో చదవడం కింద లెక్కకు రావు. కాబట్టి స్మార్ట్ అడగడం వల్ల డిస్కు లేస్తే, అది లేచిందని హెచ్‌డీ ఐడిల్‌కు తెలియదు. తన దృష్టిలో ఎప్పుడో ఆపేసిన డిస్కు అది, మళ్లీ ఆపదు. డిస్కు తెల్లారిందాకా తిరుగుతూనే ఉంటుంది. డాక్ డిస్కును స్మార్ట్‌డీ జాబితాలోంచే తీసేసి, రాత్రి 9:15 స్క్రిప్టులో బ్యాకప్‌కు ముందు ఒకసారి అడిగేలా పెట్టాను.

ఏప్రిల్ చివర

20 నిమిషాల టైమర్ చిన్నదనిపించింది. సినిమా మధ్యలో ఆపి అన్నం తిని వస్తే డిస్కు పడుకుంటుంది, మళ్లీ లేపితే టీవీ యాప్ ఎర్రర్ చూపిస్తుంది, ఇంకోసారి నొక్కితే ఆడుతుంది. 242 పెట్టి గంట చేశాను.

టైమర్ పెంచగానే 4 టీబీ అసలు పడుకోవడమే మానేసింది. స్మార్ట్‌డీ అరగంటకోసారి, అంటే 1800 సెకన్లకు చూస్తుంది. పడుకున్నదాన్ని లేపదు, నిజమే. కానీ మేలుకుని ఉన్నదాన్ని అడుగుతుంది, ఆ ప్రశ్నను కూడా పని కిందే లెక్కేసుకుని టైమర్‌ను మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టే డిస్కులు ఉన్నాయి. మాది అదే బాపతు. చూసే గడువు ఎప్పుడూ పడుకునే గడువు కంటే ఎక్కువ ఉండాలి. స్మార్ట్‌డీని 10800 సెకన్లకు, మూడు గంటలకోసారికి మార్చాను. ఇప్పుడు లాగ్‌లో రోజుకు రెండో, మూడో లేపుళ్లు. ఒకటి రాత్రి స్క్రిప్టు, మిగిలినవి మనుషులవి.

మే, రోహిణి కార్తె

మూడో కారణం ఇప్పుడు వచ్చింది. బయట 44, 45 డిగ్రీలు కొట్టే రోజుల్లో కూలర్ నడవని మధ్యాహ్నం మా హాలు 38 దాకా పోతుంది. అప్పుడు 4 టీబీ తిరుగుతుంటే 52 చూపించింది. డ్రైవ్ కంపెనీలు 60, 65 దాకా ఓర్చుకుంటుందని రాస్తాయి గానీ రోజూ అంచుల్లో నడపడం నాకిష్టం లేదు. పడుకున్నాక రెండు గంటలకు లేపి వెంటనే అడిగితే 41 చెప్పింది. నా దృష్టిలో కరెంటు మిగులు కంటే ఇదే పెద్ద లాభం. గ్రాఫ్‌లో ఇప్పుడు పెద్ద పెద్ద ఖాళీలు ఉన్నాయి, ఉండనీ.

గాలిదుమారానికి కరెంటు పోయి వచ్చే సాయంత్రాలు కూడా మొదలయ్యాయి. తిరుగుతున్న డిస్కుకు ఉన్నట్టుండి కరెంటు పోతే హెడ్లు అత్యవసరంగా పక్కకు పరుగెత్తాలి. ఆ లెక్క 192వ నంబరులో పవర్ ఆఫ్ రిట్రాక్ట్ అని పెరుగుతుంది. పడుకున్న డిస్కుకు హెడ్లు అప్పటికే పార్కింగ్‌లో ఉంటాయి, ఆ దెబ్బ తగలదు. ఇన్వర్టర్ ఉన్నవాళ్లు దాని స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో చూసుకోండి. మామూలు మోడ్‌లో మారేటప్పుడు ఆ రెప్పపాటుకే డెస్క్‌టాప్ రీస్టార్ట్ అయిపోతుంది.

డాక్ డిస్కు మాత్రం ఒక రాత్రి బ్యాకప్ మొదట్లోనే తడబడింది. కెర్నెల్ లాగ్‌లో యూఎస్‌బీ రీసెట్ వరుసలు. చెవి పెడితే మోటారు లేవబోయి ఆగి, టిక్కుమని, మళ్లీ లేవబోతోంది. 3.5 అంగుళాల డిస్కు తిరుగుతున్నప్పుడు తినేది 4, 5 వాట్లే. కదిలే ఆ కొన్ని సెకన్లు మాత్రం 12 వోల్టుల మీద 2 ఆంపియర్ల దరిదాపు లాగుతుంది. డాక్ అడాప్టర్ మీద రాసి ఉన్నదే 2 ఆంపియర్లు, ఏళ్లు గడిచి అది కూడా ఇస్తున్నట్టు లేదు. డిస్కు ఎప్పుడూ తిరుగుతున్నన్నాళ్లు ఇది బయటపడలేదు, రోజూ లేవాల్సి వచ్చేసరికి బయటపడింది. ప్రకాశం బజార్‌లో 12 వోల్టుల 3 ఆంపియర్ల అడాప్టర్ తెచ్చాను, పిన్ సైజు సరిపోయేది దొరకడానికే జర తిరగాల్సి వచ్చింది. ఆ తర్వాత ఒక్క రీసెట్ లేదు.

మే నెలలో 196 యూనిట్లు. బిల్లు జీరో. నాస్ వల్లనే అనను, ఆ నెల గీజర్ ఎవరూ ముట్టుకోలేదు.

జూన్, మృగశిర

ఒకటి మిగిలింది, స్మార్ట్ లాంగ్ టెస్ట్. 4 టీబీకి ఎనిమిది గంటల దాకా, పాత 2 టీబీకి నాలుగైదు గంటలు పడుతుంది. పరీక్ష నడుస్తున్నప్పుడు డిస్కు తనలో తాను చదువుకుంటుంది, అది డిస్క్‌స్టాట్స్‌లో కనిపించదు. కాబట్టి మేలుకుని ఉన్న డిస్కుకు పరీక్ష మొదలుపెడితే హెచ్‌డీ ఐడిల్ 20 నిమిషాలకు ఖాళీగా ఉందనుకుని ఆపేస్తుంది, పరీక్ష మధ్యలో తెగి, అబార్టెడ్ బై హోస్ట్ అని ఉంటుంది. 2 టీబీ పరీక్షల లాగ్‌లో ఆ మాటే వరుసగా ఉంది.

నెలలో మొదటి ఆదివారం పొద్దున 9కి హెచ్‌డీ ఐడిల్ సర్వీస్ ఆపి, 2 టీబీకి పరీక్ష మొదలుపెట్టి, సాయంత్రం 4కి మళ్లీ సర్వీస్ నడిపించే స్క్రిప్టు రాశాను. 4 టీబీకి అక్కర్లేదు. దాని టైమర్ లోపలే ఉంది, దాని పరీక్ష దానికి తెలుసు. రాత్రిపూట పెట్టలేదు, పక్కనే నాయిన మంచం ఉంది. వచ్చే ఆదివారం మొదటిసారి నడుస్తుంది. నడిచాక ఫలితం ఇదే పేజీలో కింద చేరుస్తాను.